పంటి కింద కొంగు

చేదుబావి,
చిల్లె మూడో రోజు. మీ పట్నం లెక్కలో జూన్ ఇరవై ఏడట.

బైరామలిలో ఫ్యాను కింద కూర్చున్న బోస్సాన్ వదినకి, చేదుబావి దగ్గర ఇసుకలో కూర్చున్న ఒగుల్‌గెరెక్ చెప్పి రాయించేది.

నీళ్ళ బండి అన్నాగెల్ది నీ మూట తెచ్చి ఇచ్చాడు. నీ ఉత్తరమూ వాడే చదివి వినిపించాడు. వాడు ఏది చదివినా గొర్రెల్ని లెక్కపెట్టినట్టే ఉంటుంది, అయినా నీ ఎత్తిపొడుపులు ఎక్కడెక్కడున్నాయో నాకు తెలిసిపోయింది. జవాబు నీ కూతురు, నా కోడలు మైసా చేతే రాయిస్తున్నాను. ఈ ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది దానికే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నిన్ను తిట్టిన చోట కూడా.

ముందు మూట సంగతి. పూలు కుట్టిన ఆ గడ్డి టోపీని మేక తినేసింది. పూలు మాత్రం ఉమ్మేసింది. ఇక ఆ గాజు పుల్ల. ఎండ ఎంతుందో చెబుతుందనే కదా పంపావు, దాన్ని గుడారం బయట గుంజకి కట్టాను. మధ్యాహ్నం టీ అయ్యేలోపే టప్పున పగిలి, లోపలి వెండి నీళ్ళు ఇసుకలో పూసల్లా దొర్లాయి. బైరామలి సరుకు మా ఎండకి ఒక్క పూట ఆగలేదు. ఎండ ఎంతుందో చెప్పడానికి మాకు ఒంటె ఉంది. అది పక్కకి తిరిగి పడుకుంటే మామూలు ఎండ. సూర్యుడికి ముక్కు ఎదురుపెట్టి సన్నగా ముడుచుకుందంటే బయట తిరగకూడదు. తొండలు ఇసుక వదిలేసి పొదల కొమ్మలెక్కి కూర్చుంటే మనిషి తల కూడా బయట పెట్టకూడదు. ఇవాళ రెండూ జరిగాయి.

మీ ఆస్పత్రి కాగితం కూడా చదివించాను. మిట్టమధ్యాహ్నం తిరగొద్దట. దాహం వేయకముందే తాగాలట. ఒంటికి అతుక్కునే బట్టలు కట్టకూడదట. ఇవి చెప్పడానికి ఒక డాక్టరూ ఒక అచ్చుయంత్రమూ కావాల్సి వచ్చాయి, మా అమ్మ ఒక్క చెంపదెబ్బతో నేర్పింది. నేను డెబ్భై మూడు చిల్లెలు దాటిన మనిషిని వదినా. నీడ పాదం కిందికి చేరకముందే నేల తవ్వి కట్టుకున్న గదిలోకి దిగిపోతాం. గొర్రెతోలు టోపీ, దూదికోటు వేసుకునే తిరుగుతాం, ఎండ వాటిని దాటి లోపలికి రాలేదు. ఎవరి టీ కూజా వాళ్ళు ముందు పెట్టుకుని వేడి వేడిగా గుక్క గుక్క రోజంతా తాగుతాం. మీరేమో మంచుగడ్డలు వేసుకుని గటగటా తాగి, ఆనక గొంతు పట్టుకుంటారు.

ఇక అసలు మాట. మైసాకి ఐదో నెల, ఈ నడివేసవి చిల్లె నలభై రోజులూ దాన్ని నీ దగ్గరికి పంపమన్నావు. పంపను. ఎందుకో కూడా రాయిస్తాను. పెళ్ళైన మూడో వారం ఆనవాయితీ ప్రకారం పిల్ల పుట్టింటికి వెళ్ళింది. నలభై రోజులుంచి పంపాల్సిన పిల్లని నువ్వు పది నెలలు ఉంచుకున్నావు. ఒకసారి జలుబు అన్నావు, ఒకసారి దుప్పట్లు కుడుతోందన్నావు, ఒకసారి కాలవలో నీళ్ళు ఎక్కువున్నాయన్నావు. మా సాపర్ పెళ్ళాం ఉండీ లేనివాడిలా గొర్రెలతో కబుర్లు చెప్పుకున్నాడు. ఇప్పుడు వాడు మందని తోలుకుని ఉత్తరాన బావులకి పోయాడు, చిల్లె వెళ్ళాకగాని రాడు. వచ్చేసరికి గుడారంలో పెళ్ళాం కనబడాలి.

పిల్ల బాగుంది. ఒక్క విషయంలో నిన్ను మెచ్చుకోవాలి, బాగా పెంచావు. వచ్చి తొమ్మిది నెలలైంది, అత్త ముందు తలగుడ్డ కొంగు పంటి కింద నుంచి జారలేదు. ఒక్క మాట లేదు. కావాల్సింది సైగ చేస్తుంది, అంతే. నేను మా అత్త ముందు పదకొండేళ్ళు అలాగే ఉన్నాను. ఇక మాట్లాడవే అని ఆవిడ అనేసరికి ఏం మాట్లాడాలో మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చిందనుకో.

గడ్డి టోపీలు పంపకు. మేకకి అరగలేదు.

ఇట్లు, వేలిముద్ర వేసిన
ఒగుల్‌గెరెక్


బైరామలి,
జులై 2, 1983.

పూజ్యులైన ఒగుల్‌గెరెక్ వదినగారికి బోస్సాన్ సలాములు.

మీ ఉత్తరం అందింది. నా కూతురి చేతే నన్ను తిట్టించారు. అక్షరాలు మాత్రం వరసగా ముత్యాల్లా ఉన్నాయి, వాటి కోసం రెండోసారి కూడా చదువుకున్నాను.

ముప్పై ఏళ్ళు మందుల దుకాణంలో నిలబడి పనిచేసినదాన్ని, ఒక మాట చెప్పనివ్వండి. ఆ గాజు పుల్ల ఎండని కొలిచేది కాదు. జ్వరం కొలిచేది. చంకలో పెట్టుకునేది. దాని మీద గీతలు నలభై రెండు దాకానే ఉంటాయి. దాన్ని గుంజకి కట్టి ఎండలో వేలాడదీసిన మొదటి మనిషి మీరే అయ్యుంటారు. ఆ వెండి నీళ్ళు విషం వదినగారూ. చేత్తో తాకకుండా, ఇసుకతో సహా పారతో ఎత్తి దూరంగా పూడ్చేయించండి.

ఇక్కడ నలభై ఆరు డిగ్రీలు. మొన్న మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడ తందూరు పక్కనే కూలిపోయింది. పుట్టినప్పటి నుంచీ నిప్పు ముందు బతికిన మనిషి, తనకి ఎండ ఏం చేస్తుందని అనేది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. మీకు అచ్చు కాగితం గిట్టలేదు కాబట్టి నా మాటగా చెబుతున్నాను. చెమట ఆగిపోయి ఒళ్ళు పొడిగా కాలుతున్నా, మనిషి పిలిస్తే పలక్కుండా మొద్దుబారినా అది అలసట అనుకోకండి. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా తడపండి, విసరండి. మింగలేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి.

మైసా అక్కడ ఒక్క మాట మాట్లాడదని రాశారు. చదివి వినిపిస్తే, అది మన మైసానేనా అని మా ఆయన అడిగారు. ఇక్కడున్నప్పుడు పిచ్చుకలా పొద్దస్తమానం వాగేది. టీ పోస్తూ మాట్లాడేది, జడ వేసుకుంటూ మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరితోనో వాదించేది. అది నోరు మూసిందంటే మేం ముందు నుదురు ముట్టి చూసేవాళ్ళం. ఆచారాన్ని కాదనను. నేనూ కొంగు పట్టినదాన్నే. కానీ కడుపుతో ఉన్న పిల్ల, ఈ వడగాలిలో, నోటికి అడ్డంగా గుడ్డ పెట్టుకుంటే ఊపిరెలా ఆడుతుంది? ఒంట్లో బాగోలేదని చెప్పాలన్నా ఎలా చెబుతుంది? చిల్లె వెళ్ళేదాకా ఆ కొంగు తీసెయ్యమని మీరు ఒక్క మాట అనండి. లేదంటే పంపండి. నలభై రోజులకి ఒక్క రోజు ఎక్కువ ఉంచుకోను.

పుచ్చకాయలు నాలుగు పంపుతున్నాను. ఇవి కూడా మేకకి కాదు.

మీ వియ్యపురాలు
బోస్సాన్


చేదుబావి,
చిల్లె పదిహేనో రోజు.

మందుల దుకాణం వదినకి చేదుబావి వదిన చెప్పేది.

పుచ్చకాయలు మూడు వచ్చాయి. నాలుగోది దారిలో పగిలిందన్నాడు అన్నాగెల్ది. పగిలింది వాడి నోట్లోనే, మీసంలో గింజ ఉంది.

గాజు పుల్ల సంగతి విన్నాను. పూడ్చేశాం. జ్వరం కొలిచే పుల్ల పంపేటప్పుడు జ్వరం కొలిచే పుల్ల అని చెప్పి పంపాలి. దాని మీదే గీతలున్నాయి కదా అంటావేమో. నాకు చదువు రాదు, గుంజకీ రాదు.

కొంగు తీయమన్న చోటికి వచ్చేసరికి అన్నాగెల్ది గొంతు తగ్గించేశాడు, అంటే వాడికీ సిగ్గేసింది. నీ కూతురి నోటికి గుడ్డ నేను కట్టానా? దాని మర్యాద అది పట్టుకుంది. పట్నం గాలి తగిలితే వదిలేస్తుందని నీ ఆశ. ఊపిరాడదన్నావు, పదకొండేళ్ళు నాకెలా ఆడింది? పిచ్చుక అన్నావు, తొమ్మిది నెలల్లో నేను ఆ కూత ఒక్కసారి వినలేదు. మీ ఇంట్లో అంత వాగిందంటే వినేవాళ్ళు మెత్తనివాళ్ళన్నమాట. ఇదంతా దాని చేతే రాయిస్తున్నాను, కలం ఎక్కడా బెదరలేదు.

చిల్లె ముదిరిన మాట ఒప్పుకుంటాను. నాలుగు రోజులుగా గాలి చచ్చిపోయింది. గుడారం అంచులు ఎత్తి కట్టినా లోపలికి వచ్చేది పొయ్యి ఊపిరే. కుక్క గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంది, దొంగ వచ్చినా రేపు రమ్మనేలా ఉంది. బావిలో చేద వేస్తే పైకొచ్చే నీళ్ళు ఒంటెలకే పనికొస్తాయి, మనిషి తాగేది అన్నాగెల్ది తెచ్చిన పీపానే. పగలంతా నేలగదిలోనే కూర్చుంటున్నాం.

ఇంత ఎండలోనూ నీ కూతురి మర్యాద ఎలా ఉందో విను. రెండు రోజులుగా మరీ నెమ్మదించింది. గిన్నెల చప్పుడు కూడా లేదు. కళ్ళెత్తి చూడదు. నిన్న టీ కూజా ముందు పెడితే ముట్టలేదు. పెద్దదాన్ని కదా, నేను ముగించేదాకా ఆగిందనుకున్నాను, ముగించాక కూడా ముట్టలేదు. పుచ్చకాయ ముక్క కోసిస్తే తిరిగి నావైపే జరిపింది. మా అత్త బతికుంటే ఈ పిల్లని చూపించి నన్ను మళ్ళీ ఒకసారి తిట్టేది. ఇప్పుడు కూడా ఎంత నిదానంగా రాస్తోందో, నేను మూడు మాటలు చెబితే ఒకటి కాయితం మీదికి వస్తోంది. ముఖాన చెమట చుక్క లేదు. మీ పట్నం పిల్ల ఎడారి పిల్ల అయిపోయింది, నీకు చెప్పి మరీ గర్వపడుతున్నాను. కాబట్టి వదినా, పంపమని ఇంకోసారి రాయకు. నేను పంపే


అదే ఉత్తరం.
చిల్లె పదిహేడో రోజు.

ఇక్కణ్ణుంచి రాస్తున్నది నీళ్ళ బండి అన్నాగెల్ది. చెప్పేది నేనే.

వదినా, ముందుగానే చెబుతున్నాను, పిల్ల క్షేమం. కడుపులో బిడ్డ కదులుతోంది, నా చేత్తో చూశాను. ఇప్పుడు ఎక్కడైనా కూర్చుని మిగతాది చదువు.

పైన ఆ మాట దగ్గర కలం ఆగింది. రాయవే అన్నాను. తలొంచుకునే ఉంది. మర్యాద అనుకున్నాను. మళ్ళీ అన్నాను, రాయలేదు. కోపమొచ్చి భుజం పట్టి కదిపితే అలాగే కాయితం మీదికి ఒరిగిపోయింది. ఒళ్ళు తందూరు గోడలా కాలుతోంది, తడి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. అప్పుడు కూడా కొంగు పళ్ళ మధ్యే ఉంది.

తొమ్మిది నెలలు నేను మెచ్చుకున్నది మర్యాదే. చివరి రెండు రోజులు మెచ్చుకున్నది జబ్బుని. బైరామలిలో కూర్చున్న నువ్వు కనిపెట్టావు, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న నేను కనిపెట్టలేదు. ఈ ముక్క రాయడానికి అన్నాగెల్ది మొహమాటపడ్డాడు, పెద్దమ్మా ఇది వదిలేద్దామా అన్నాడు. రాయమని చెయ్యెత్తాను, రాశాడు.

ఆ కొంగు నేనే లాగేశాను. పెదాలు చెప్పు తోలులా అట్టకట్టాయి. దూదికోటు విప్పి, బండి వచ్చేదాకా ఇద్దరం తాగాల్సిన పీపా నీళ్ళు సగం దాని మీద కుమ్మరించాను. గొంగళి తడిపి కింద పరిచాను. మెడకి, చంకలకి తడిగుడ్డలు పెట్టాను. నా కోటు పట్టుకుని విసిరాను, చేతులు పడిపోయేదాకా, పడిపోయాక కూడా. నోట్లో చుక్క పోయలేదు, నువ్వు రాసింది గుర్తుంది. పెదాలే తడిపాను. పొద్దు వాలేవేళకి నుదుటి మీద చెమట పట్టింది. సాపర్ పుట్టినప్పుడు వాడి ముఖం కూడా నేను అంత ఆబగా చూడలేదు.

కాసేపటికి మింగింది, ఇంకాసేపటికి నన్ను చూసింది. అప్పుడు మాట్లాడింది. తొమ్మిది నెలల తర్వాత అత్తతో మొదటి మాట. అమ్మా అంటుందేమో, దేవుడా అంటుందేమో అని చెవి దగ్గర పెట్టాను.

“అత్తా, నీ రొట్టెలో ఉప్పు ఎక్కువ” అంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆగలేదు. పులిసిన ఒంటెపాలు గుక్కకీ గుక్కకీ మధ్య మాట్లాడుతూనే ఉంది. నా గురక ఒంటెల్ని లేపుతుందట. గడ్డి టోపీని మేక తలకి పెట్టి చూసింది నేనేనని, ఆ ముక్క మీ అమ్మకి రాయించలేదని దెప్పింది. సరే, రాయిస్తున్నాను, నేనే పెట్టాను. గాజు పుల్లని గుంజకి కడుతున్నప్పుడు వద్దని మూడుసార్లు చేతులూపిందట, ఇంకొంచెం పైకి కట్టమంటోందనుకుని పైకి కట్టాను. తల తిరుగుతోందని కూడా నాలుగు రోజులుగా సైగ చేస్తూనే ఉందట. నుదుటికి చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా సలాము చేస్తోందనుకుని నేను దీవించాను.

మరి ఉత్తరంలో మీ అమ్మకి ఒక ముక్క రాసుకోవచ్చు కదే, నాకెలాగూ చదవడం రాదు కదా అన్నాను.

“నువ్వు నన్ను నమ్మి చెబుతుంటే మధ్యలో నా మాట ఎలా దూరుస్తాను అత్తా” అంది.

నేను బయటికి వెళ్ళి ఒంటెని కాసేపు తిట్టి వచ్చాను.

కొంగు వదిలించడం మామూలుగా మొదటి బిడ్డ పుట్టాక చేస్తారు, అత్త ఏదో ఒక కానుక పెడుతుంది. నేను ఇవాళే చేశాను. అన్నాగెల్దిని సాక్షిగా నిలబెట్టి, ఈ యేడు ఈనిన ఆడ ఒంటెని దాని పేర చెప్పి, ఇక నా ముందు నోరు కప్పుకోనక్కర్లేదు అన్నాను. చిల్లె రోజుల్లో ఈ బావి దగ్గర ఏ కోడలూ పంటి కింద కొంగు పట్టకూడదని కూడా ఆజ్ఞ వేశాను. ఈ బావి దగ్గరున్నది ఒక్క కోడలే అని అన్నాగెల్ది గొణిగాడు.

మాట ఇచ్చాక అడగాలి కదా. అడిగాను. ఉంటానంటుందనుకునే అడిగాను, నీ దగ్గర దాచడం దేనికి.

“మీ అమ్మ దగ్గరికి వెళ్తావా, ఇక్కడ ఉంటావా?”

“వెళ్తాను” అంది. అంత వాగుడుకాయ ఆ ఒక్కచోట ఒక్క మాటతో సరిపెట్టింది.

నేను వాదించలేదు. నోరు తెరవమన్నది నేనే. బండి ఎండలో కదలకూడదని, పొద్దుగూకాక బయల్దేరి తెల్లారేసరికి మీ వాకిట్లో దించాలని చెప్పాను. తడి గొంగళీ, రెండు తోలుతిత్తుల నీళ్ళూ, ఉప్పు తగ్గించి కాల్చిన రొట్టెలూ పెట్టాను. ఈ ఉత్తరం అదే తెస్తుంది. ఎప్పుడు తిరిగొస్తుందని నిన్ను అడగను. నువ్వూ నాకు చెప్పకు. దాన్నే చెప్పమను.

ఒగుల్‌గెరెక్
వేలిముద్ర చెదిరింది, ఏమనుకోకు. విసిరి విసిరి వేళ్ళు వాచాయి.


బైరామలి,
జులై 16, 1983.

వదినగారికి బోస్సాన్ సలాములు.

మైసా క్షేమంగా చేరింది. డాక్టరు చూశారు, తల్లీ బిడ్డా బాగున్నారు. మీరు చేసినవన్నీ వరసగా చెబితే, ఆవిడ ఏ ఆస్పత్రిలో నర్సు అని అడిగారు. గొర్రెలాస్పత్రి అని చెప్పాను.

మీ ఉత్తరంలో నా కూతురి రాత వంకర్లు పోతూ పోతూ మధ్యలో ఆగిపోయిన చోట నేనూ ఆగాను. పిల్ల ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది, అయినా లేచి వెళ్ళి దాని నుదురు ముట్టి చూశాను. అక్కడిదాకా చదివి మీ మెడ విరిచేయాలనుకున్నాను. చివరిదాకా చదివి, మీ చేతులకి రాసుకోవడానికి మందు కట్టాను. కోపం పోయిందని అబద్ధం చెప్పను. మందు మాత్రం రోజుకి రెండుసార్లు రాయండి.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. పాత సంగతిలా మర్చిపోదామనుకున్నాను కానీ మీరు మర్చిపోరు. ఆ పది నెలల్లో జలుబు అబద్ధం. దుప్పట్లు కుట్టిన మాట నిజమే, ఒక్కటి. పిల్ల మాటలు లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసి, పంపలేకపోయాను.

అందుకే ఈ కింది మాట రాయడానికి భయంగా ఉంది. కాన్పు అయ్యేదాకా ఆ ఇసుక దారిలో ప్రయాణం వద్దన్నారు డాక్టరు. అంటే నవంబరు. నలభై రోజులకి ఒక్క రోజు ఎక్కువ ఉంచుకోనన్న నా మాట తప్పుతోంది. ఈసారి జలుబు కాదు వదినగారూ. నమ్ముతారో లేదో మీ ఇష్టం.

మైసా రాత్రీ పగలూ మాట్లాడుతోంది. మా బావి, మా ఒంటె, మా అత్త అంటోంది. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నారు. తను ఎప్పుడు వస్తుందో మీకు చెప్పమని అడిగితే, అది ఉత్తరంలో చెప్పే మాట కాదంది.

బోస్సాన్


చేదుబావి,
చిల్లె ఇరవై నాలుగో రోజు.

బోస్సాన్ వదినకి ఒగుల్‌గెరెక్ చెప్పేది, అన్నాగెల్ది రాసేది.

నవంబరు అన్న మాట చదివి అన్నాగెల్ది రెండడుగులు వెనక్కి వేశాడు. వాడు భయపడినట్టు నేనేం అరవలేదు. నమ్మాను. జలుబు అబద్ధమని ఒప్పుకున్న మనిషి నవంబరు గురించి అబద్ధమాడదు.

సాపర్‌కి కబురు తెలిసి మందని పక్క బావివాళ్ళకి అప్పజెప్పి పరుగెత్తుకొచ్చాడు. పెళ్ళాం లేదని మూతి ముడుచుకున్నాడు. నేను చేసింది చెప్పాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు నచ్చలేదు. అన్నా బాగుండేది.

ఇక్కడ సంగతి చెబుతాను. తొమ్మిది నెలలు ఆ పిల్ల నా పక్కన నోరు విప్పకుండా తిరిగింది, ఇంట్లో ఏదో తక్కువైందని నాకు ఒక్క రోజూ అనిపించలేదు. రెండు రోజులు మాట్లాడి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేలగదిలో కూర్చుంటే చెవులు దురద పెడుతున్నాయి. ఒంటె పలకదు. కుక్క నన్ను చూస్తే లేచి పోతుంది. సాపర్ వాళ్ళ నాన్నలాంటివాడు, టీ పొయ్యమనడానికి కూడా కూజా చూపిస్తాడు. నిన్న నా గురకకి నేనే లేచి, అవును నిజమే అనుకున్నాను.

అందుకని సాపర్‌ని గొర్రెల దగ్గర కూర్చోబెట్టాను. తర్వాతి బండికి నువ్వు వెళ్దువుగాని, ముందు నాకు పనుంది అన్నాను. పొద్దుగూకాక ఈ బండిలోనే బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ తలుపు కింద నుంచి తోస్తాను. మనిషే వస్తుంటే ఉత్తరమెందుకని అన్నాగెల్ది అడుగుతున్నాడు. ఎదురుగా నిలబడితే నా నోటికి తిట్లే వస్తాయి. నీ కూతుర్ని నాకు నమ్మి ఇస్తే నేను సరిగా చూసుకోలేదు. ఇది కాయితం మీద ఉంటేనే నువ్వు నమ్మకంగా దాచుకుంటావు, మళ్ళీ పోట్లాట వచ్చినప్పుడు తీసి చూపిస్తావు. చూపించు.

చదవడం అయ్యాక తలుపు తెరిచేదీ లేనిదీ నీ ఇష్టం. తొందరేం లేదు, నేను నీడ చూసుకునే కూర్చుంటాను. కానీ వదినా, ఈలోపు ఆ పిల్ల మాటలన్నీ మీ ఇంట్లోనే ఖర్చుపెట్టేయకుండా చూడు. నాక్కొన్ని మిగల్చమను.

ఇట్లు, నీ గడప అవతల కూర్చున్న
ఒగుల్‌గెరెక్